పులికి లేని సిగ్గు

ఇప్పుడు టీవీలో సైకిలు పందేలు వస్తాయి. ఒంటికి అతుక్కుపోయిన బట్టలేసుకుని గుంపులు గుంపులుగా కుర్రాళ్ళు తొక్కుకుంటూ పోతుంటే మా మనవలు కళ్ళార్పకుండా చూస్తారు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఆ నల్ల నిక్కర్లు కనిపిస్తే నాకు ముందు కోపమొస్తుంది, తర్వాత ఏడుపొస్తుంది. కోపం ఆ నిక్కర్ల మీద కాదు. మా అన్నయ్య అలాంటిది వేసుకున్నాడని నెలల తరబడి నవ్విన మా క్వార్టర్ల లైను మీద.

మాది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ, ట్రాఫిక్ సెటిల్‌మెంటు. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ల దగ్గర పనిచేశాడు. సర్వీసులో ఉండగానే జబ్బుచేసి పోయాడు. ఆ ఉద్యోగం అన్నయ్యకిచ్చారు, క్వార్టరు నిలబడింది. అమ్మ లైనులో ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టేది. ఆవిడ కుట్టు గట్టిది. ఒక కుట్టు వేశాక దాని మీదే మళ్ళీ రెండో కుట్టు వేసేది. గుడ్డ చివికి పోవాలే గాని అమ్మ కుట్టు ఊడదని పేరు. నేను అప్పటికి స్కూలు చదువు ముగించి, అమ్మ పక్కన కూర్చుని గుండీలు కుట్టేదాన్ని.

వర్క్‌షాపు సైరను కూస్తే ఖరగ్‌పూర్ రోడ్లన్నీ సైకిళ్ళే. ప్యాంటు అంచులు గొలుసులో పడకుండా ఇనప క్లిప్పులు పెట్టుకునేవాళ్ళు కొందరు, పంచె ఎగ్గట్టుకునేవాళ్ళు కొందరు. ముందు అన్నం క్యారేజీ, వెనక పక్కింటాయన. సైకిలంటే మాకు పనిలోకి వెళ్ళేది, సంచీ మోసేది. పెళ్ళీడుకొచ్చిన మగవాడు తెల్లారగట్ల లేచి, ఏ పనీ లేకుండా సైకిలు మీద మిద్నాపూర్ దారిన కంసాయి నది వంతెన దాకా వెళ్ళి, ఏమీ తేకుండా తిరిగి రావడం మా వాళ్ళకి మింగుడుపడే సంగతి కాదు.

అన్నయ్యని ఆ దారి పట్టించింది ఒక ఆంగ్లో ఇండియన్ రైలు డ్రైవరు. వయసులో ఉన్నప్పుడు పందేలు తొక్కినవాడు, అప్పటికి రైల్వే సైకిలు జట్టుకి నేర్పుతుండేవాడు. డ్యూటీ దిగి ఇంటికెళ్తున్న అన్నయ్య, ఆ పాత డొక్కు సైకిలు మీద అందర్నీ దాటుకుపోవడం చూశాడట. ఆపి ఊరూ పేరూ అడిగాడు. కొన్నాళ్ళు వెంట తిప్పుకున్నాడు. తర్వాత వంగిన హ్యాండిలున్న సన్న చక్రాల సైకిలు ఒకటి వాడుకోమని ఇచ్చాడు, దాంతోపాటు బట్టలు. ఉన్ని బనీను ఒకటి, తొడల్ని పట్టుకునుండే నల్ల అల్లిక నిక్కరు ఒకటి. నిక్కరు లోపల, కూర్చునే చోట, మెత్తటి తోలు ముక్క కుట్టి ఉంది. అమ్మ దాన్ని తిరగేసి బోర్లేసి చూసింది. “ఇది కుట్టినోడు పనోడే,” అంది. తర్వాత, “ఇది లోపలేసుకోడానికా, పైనేసుకోడానికా?” అని అడిగింది.

అన్నయ్యకి ఒకటే ఆశ. శీతాకాలంలో జట్టుకి మనుషుల్ని ఎంచే పందెం ఉంటుంది. అందులో ముందొచ్చిన వాళ్ళని రైల్వే జట్టులోకి తీసుకుంటారు. కలకత్తాలో, ఢిల్లీలో, అందరూ కూర్చుని చూసే చోట తొక్కొచ్చు. మా అన్నయ్య తన కోసం ఒక చొక్కా గుడ్డ కూడా కావాలని నోరు తెరిచి అడిగిన మనిషి కాదు. ఇది మాత్రం అడిగాడు. “అమ్మా, ఈ ఒక్కటీ సెయ్యనీ,” అన్నాడు.

ఆ బట్టల్లో మొదటిరోజు బయటికొచ్చేసరికి కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలేసి నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

“ఓలమ్మ, ఆ ఎల్తన్నోడు మీవోడేనేటి? ఒంటిమీద గుడ్డున్నాదో నేదో తెలట్నేదు.”

“సిగ్గు నేదేటమ్మా ఈ గుంటడికి? ఆడపిల్లలున్న లైను గదా.”

ఈ మాటన్న ఆవిడే ముందు రోజు మా ఇంటికొచ్చి, జాకెట్టు ఇంకా బిగించమని అమ్మ ప్రాణం తీసింది. ఊపిరి ఆడనంత బిగువు జాకెట్టు ఆవిడకి అందం, అదే బిగువు మా అన్నయ్య తొడల మీదుంటే సిగ్గుమాలిన పని. ఆ మాట అనేద్దామని నేను లేచాను, అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. జాకెట్ల పని పోతే మాకు గడవదు.

ఖరిదా రైలు గేటు దగ్గర టీ కొట్టు వాళ్ళు, “ఓ దాదా, ప్యాంటు కోథాయ్?” అని, ప్యాంటేదని బెంగాలీలో కేకేసేవాళ్ళు. చిన్నపిల్లలు వెంటపడేవాళ్ళు. వర్క్‌షాపులో తోటివాళ్ళు పుల్లింగమో స్త్రీలింగమో తేల్చుకోమని వెక్కిరించేవాళ్ళు. అన్నయ్య తల వంచుకుని తొక్కుకుంటూ పోయేవాడు. ఎలాగూ ఆ సైకిలు మీద తల వంచుకునే కూర్చోవాలి. అమ్మ ఆ నల్ల నిక్కరు ఉతికాక బయట తీగ మీద వెయ్యకుండా వంటింట్లో పొయ్యి పైన ఆరేసేది. అందుకని అన్నయ్య ఎప్పుడూ పొగ వాసన వేస్తుండేవాడు. నవ్వినవాళ్ళలో చెడ్డవాళ్ళు లేరు. అదే నా బాధ. మా నాన్న పోయినప్పుడు అన్నం వండి పెట్టినవాళ్ళే వాళ్ళంతా.

ఇక్కడ పులి సంగతి చెప్పాలి. అన్నయ్యకి పసితనంలో అమ్మవారు పోసింది. ఒళ్ళంతా స్ఫోటకం పొక్కులు, కళ్ళు తెరవలేదు, అందరూ ఆశ వదిలేసుకున్నారు. బతికితే పెద్దవాడయ్యాక ఏటా నీ పండగలో పులివేషం కట్టిస్తానని అమ్మ మొక్కుకుంది. బతికాడు. మా తెలుగువాళ్ళం ఏటేటా మాత పూజలు చేసేవాళ్ళం. ఘటాలు వీధి వీధి తిరిగేవి, వాటి ముందు డప్పులు, డప్పుల ముందు మా అన్నయ్య. ఒంటికి పసుపు రంగు, దాని మీద నల్ల చారలు, వెనక తోక, నడుముకి బిగించి కట్టిన చిన్న గోచీ. అంతే. ఇంకేం లేదు ఒంటి మీద. ఆ పులి ఇంటి ముందు ఆగితే, ఈ కుళాయి దగ్గర ఆడవాళ్ళే పళ్ళెంలో పసుపునీళ్ళు తెచ్చి కాళ్ళు కడిగేవాళ్ళు. చంటిపిల్లల్ని తెచ్చి పులి చేతుల్లో పెట్టేవాళ్ళు, దడుపు పోతుందని. ఒక్కరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు.

ఆ ఏడు, పండగ జరిపించే పెద్దాయన మా ఇంటికొచ్చాడు. పక్క లైనులోనే ఉండేవాడు. నాన్న స్నేహితుడు, అమ్మని చెల్లెమ్మా అని పిలిచేవాడు. మంచం మీద కూర్చుని మంచినీళ్ళు తాగి నెమ్మదిగా మొదలుపెట్టాడు.

“సెల్లెమ్మా, మీవోడు అమ్మోరి పులి కట్టీవోడు. ఆ బట్టలేసుకోని ఊరంతా తిరిగితే అమ్మోరికి అపచారం కాదేటి? నలుగురూ నన్నడుగుతున్నారు. అది మానుకోమను. నేకపోతే ఈ యేడు పులి ఇంకోడు కడతాడు.”

అమ్మ మొహం పాలిపోయింది. “అలగనీకన్నా. ఆడి పాణం అమ్మోరు పెట్టిన బిచ్చవే. పులి మాత్రం ఆపీకన్నా,” అని చేతులు జోడించింది.

ఆయన వెళ్ళాక అన్నయ్య అడిగాడు. “పులి కట్టినప్పుడు నా ఒంటిమీద ఇంతకన్నా తక్కువే గదమ్మా ఉన్నాది?”

“అది అమ్మోరిది నాయనా. ఇది నీది,” అంది అమ్మ.

 నాకు అప్పుడే అర్థమైంది. మా వాళ్ళకి కష్టం తొడలు కనిపించడం కాదు. ఒక మనిషి తన ఒంటిని తన సంతోషానికే వాడుకోవడం. దేవుడి కోసం ఎంత విప్పినా భక్తే, చాకిరీ కోసం గోచీ పెట్టుకున్నా కష్టజీవే, తన సరదా కోసం మాత్రం మోకాలు కనిపించకూడదు.

ఆ సాయంత్రం అమ్మ ట్రంకు పెట్టె తెరిచింది. నాన్న యూనిఫాం ప్యాంట్లలో ఆఖరిది అందులో ఉండేది, మందపాటి ఖాకీ గుడ్డ. నాన్న పోయాక మిగిలినవన్నీ ఎవరెవరికో ఇచ్చేసి అది ఒక్కటీ దాచుకుంది. కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత కత్తెర తీసుకుని మోకాళ్ళ పైకి కోసేసింది. కాళ్ళు వదులుగా, కింద వేలాడేలా పెద్ద నిక్కరు కుట్టింది. రెండో కుట్టు వేసింది.

“దీన్ని పైనేస్కో నాయనా. లోపల నీది నీకుంటాది, పైన నా పరువు నాకుంటాది,” అంది.

అన్నయ్య వద్దంటే బలవంతపెట్టేవాళ్ళు లేరు. సంపాదించేవాడు, ఇంటికి పెద్ద. కాని అది నాన్న ప్యాంటని వాడికి చూడగానే తెలిసింది. మారు మాట్లాడకుండా వేసుకున్నాడు. పెద్దాయన కూడా చూసి, “ఇలగుండాల,” అన్నాడు. లైనంతా ఊపిరి పీల్చుకుంది.

సైకిలు తొక్కేవాడికి ఆ నిక్కరు ఎంత నరకమో అన్నయ్య నాకొక్కదానికే చెప్పాడు. గాలికి బుడగలా ఉబ్బుతుంది, తొడల మధ్య రుద్దుకుంటుంది. అన్నిటికన్నా భయం ఇంకొకటి. పందెం సైకిలుకి సీటు ముందు సన్నగా ముక్కులా పొడుచుకొచ్చి ఉంటుంది. వేగం కోసం పైకి లేచి తొక్కినప్పుడు వదులు గుడ్డ ఆ ముక్కుకి తగులుకుంటుంది. అందుకని ఖరిదా గేటు దాటాక నిక్కరు విప్పేసి బనీనులో దోపుకునేవాడు. తిరిగొచ్చేటప్పుడు గేటు దగ్గర మళ్ళీ వేసుకునేవాడు. అమ్మకి ఆ సంగతి తెలీదు.

పందెం రోజు వచ్చింది. చిక్కంతా ఏమిటంటే, పందెం మొదలయ్యేదీ ముగిసేదీ కూడా మా లైనుకి దగ్గర్లో, రైల్వే మైదానం ముందే. విప్పుకోడానికి గేటు దాటే వీలు లేదు. రోడ్డుకి రెండు పక్కలా మనవాళ్ళే. పెద్దాయన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మొట్టమొదటిసారి అమ్మ కూడా చూడ్డానికొచ్చింది. జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళ మధ్య, కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడింది. నేను సైకిళ్ళ వరస దగ్గర అన్నయ్య మంచినీళ్ళ సీసా పట్టుకుని ఉన్నాను.

డ్రైవరు సాహెబు అన్నయ్యని చూసి, అది విప్పెయ్, సీటుకి తగులుకుని పడతావని మండిపడ్డాడు. “యే క్యా పెహ్‌నా హై? ఉతారో. సీట్ మే ఫసేగా, గిరేగా.”

అన్నయ్య అమ్మ వైపు చూశాడు. అమ్మ దూరం నుంచి చెయ్యి ఊపింది. ఆ మొహంలో ఎంత సంతోషమో. నాన్న పోయాక నలుగురిలో తలెత్తుకుని నిలబడిన రోజు అదే. అన్నయ్య సాహెబు వైపు తిరిగి, ఏమీ కాదన్నట్టు, “ఠీక్ హై సాబ్, కుఛ్ నహీ హోగా,” అన్నాడు. నిక్కరు నడుము దగ్గర ఇంకొంచెం బిగించుకున్నాడు. సాహెబు తల పట్టుకుని పక్కకి తప్పుకున్నాడు.

వంతెన దాకా వెళ్ళి రావాలి. చాలాసేపటికి రోడ్డు చివర దుమ్ము లేచింది. నేను జనంలోంచి తోసుకుని ముందుకెళ్ళాను. ముందు ఒకడున్నాడు, వాడి వెనకే అన్నయ్య. పందెం ముగిసే ఎర్ర గీత కనిపించగానే అన్నయ్య సీటు మీంచి లేచి తొక్కాడు. ముందువాడి పక్కకొచ్చేశాడు. కుర్రాళ్ళు అరుస్తున్నారు, ఇన్నాళ్ళు వెక్కిరించిన వాళ్ళే. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, అమ్మవారిని తలుచుకుంటోంది.

అన్నయ్య ఒక్క క్షణం కూర్చుని మళ్ళీ లేవబోయాడు. లేవలేకపోయాడు. వెనకనుంచి ఎవరో పట్టి లాగినట్టు ఆగిపోయాడు. ఖాకీ గుడ్డ సీటు ముక్కుకి తగులుకుని బిగుసుకుపోవడం నాకు కనిపించింది. విదిలించుకున్నాడు, రాలేదు. సైకిలు వంకర తిరిగింది. మోకాలు ముందుగా రోడ్డుకి కొట్టుకుంది. వెనకొచ్చేవాడు తప్పించుకోలేక మీద పడ్డాడు.

రైల్వే ఆసుపత్రిలో కాలికి కట్టు కట్టాక మమ్మల్ని లోపలికి వదిలారు. మోకాలి చిప్ప పగిలిందన్నారు. కాలు ఇకమీదట పూర్తిగా వంగదన్నారు. అమ్మ మంచం కమ్మీ పట్టుకుని నిలబడి, “ఏటయ్యింది నాయనా?” అని అడిగింది. అన్నయ్య నా వైపు ఒక్కసారి చూసి, అమ్మతో అన్నాడు.

“కుక్క అడ్డొచ్చిందమ్మా. నల్ల కుక్క.”

నేను నోరు మూసుకున్నాను. వాడి కళ్ళు నన్ను బతిమాలాయి.

మర్నాడు ఆసుపత్రి వాళ్ళిచ్చిన బట్టల మూట అమ్మ కుళాయి దగ్గర విప్పింది. నెత్తురు పోయేదాకా ఉతికింది. తర్వాత ఖాకీ నిక్కరు రెండు చేతులా పట్టుకుని వెలుతురుకి చూసింది. గుడ్డ చిరగలేదు, కుట్టు ఊడలేదు. కూర్చునే చోట మాత్రం కింది నుంచి ఏదో పొడిచినట్టు సాగిపోయి, సీటు తోలు నలుపు అంటుకుని ఉంది. ఎన్నేళ్ళుగానో గుడ్డ పని చేసిన మనిషి. ఎక్కడ తగులుకుందో, ఎటు లాగిందో ఆ వేళ్ళకి తెలియదా? ఆ కుట్టు పుటుక్కున తెగిపోయి ఉంటే అన్నయ్య నిలదొక్కుకునేవాడు. రెండో కుట్టు తెగనివ్వలేదు. అమ్మ నిక్కరు మడిచి పెట్టేసింది. నన్నొక్క ముక్క అడగలేదు.

ఆ తర్వాత అమ్మ జాకెట్లకి రెండో కుట్టు వెయ్యడం మానేసింది. చంకల దగ్గర ఊడిపోతున్నాయని ఆడవాళ్ళు గోల పెట్టారు. కొందరు వేరే చోటికి వెళ్ళిపోయారు. 

పెద్దాయన పరామర్శకొచ్చి, “అమ్మోరు సూసుకుంది సెల్లెమ్మా,” అన్నాడు. ప్రాణం దక్కిందని ఓదార్పే ఆయన ఉద్దేశం. నాకు మాత్రం ఆ మంచినీళ్ళ గ్లాసు ఆయన చేతిలోంచి లాక్కోవాలనిపించింది. పండగకి పులి వేరే కుర్రాడు కట్టాడు. ఘటం వచ్చినప్పుడు అమ్మ హారతిచ్చి దణ్ణం పెట్టుకుంది. వెనక పులి రాగానే తలుపేసేసింది. డప్పులు ఇంటి ముందు కాసేపు మోగి ముందుకెళ్ళిపోయాయి.

అన్నయ్యకి వర్క్‌షాపులో కూర్చుని చేసే పనిచ్చారు. సైకిలు మళ్ళీ ఎక్కలేదు. సైరను కూయగానే ఆ సైకిళ్ళ వరదలో పక్కకి ఒదిగి, కాలీడ్చుకుంటూ నడిచి వెళ్ళేవాడు. ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. అందరూ మర్యాదగా దారిచ్చేవాళ్ళు. పెళ్ళి చేసుకోమంటే ఇప్పుడు కాదనేవాడు, ఆ ఇప్పుడు ఎప్పటికీ రాలేదు.

అమ్మ సంగతి ఒకటి చెప్పాలి. అన్నయ్య ఇంట్లో ఉండగా వీధిలోకి కుక్క వస్తే చాలు, చీపురు తీసుకుని వెంటపడేది. “నీ మూలాన్నే నా కొడుకు కాలు పోనాది,” అని తిట్టేది, రాళ్ళు విసిరేది. అన్నయ్య లోపలి నుంచి, “ఒగ్గీ అమ్మా,” అనేవాడు. అన్నయ్య డ్యూటీకి వెళ్ళాక అదే కుక్కలకి మిగిలిన అన్నం చారు కలిపి పెట్టేది. పక్కన కూర్చుని తినేదాకా చూసేది. పెళ్ళయ్యాక నేను పక్కనున్న తాల్‌బగీచాలోనే ఉండేదాన్ని, రోజు విడిచి రోజు వచ్చి ఇది చూసేదాన్ని. ఏళ్ళ తరబడి ఇలాగే నడిచింది.

వయసు మీద పడ్డాక అమ్మకి గుండె నీరసపడింది. అదే రైల్వే ఆసుపత్రి. ఒక మధ్యాహ్నం నేను బత్తాయి ఒలుస్తున్నాను, అన్నయ్య అమ్మ కాళ్ళు పడుతున్నాడు. అమ్మ ఉన్నట్టుండి కళ్ళు తెరిచింది.

“ఒరే నాయనా.”

“ఏటమ్మా?”

“ఆ దినం కుక్క నేదు గదరా.”

అన్నయ్య చేతులు ఆగిపోయాయి. మళ్ళీ పట్టడం మొదలుపెట్టాడు. “ఉన్నాదమ్మా. నల్లది. నాకు బాగా గురుతు,” అన్నాడు.

అమ్మ వాడి మొహంలోకి చూసింది. ఏదో అనబోయింది.  చివరికి చెయ్యి చాచి, వాడి వంగని మోకాలి మీద పెట్టింది.

“సర్లే నాయనా. కుక్కే,” అంది.

అమ్మ ఆ వారం దాటలేదు. కర్మలన్నీ అయ్యాక ఒకరోజు అన్నయ్యా నేనూ అరుగు మీద కూర్చున్నాం. వాడు అడిగాడు.

“అమ్మకి తెలుసునేటే?”

“తెలుసు.”

“ఎప్పట్నుంచి?”

“ఆ బట్టలుతికిన కాడ్నుంచి.”

 అన్నయ్య పసిపిల్లాడిలా ఏడుపు మొదలుపెట్టాడు.

“నాను అమ్మని కాస్తన్నాననుకున్నానే. అది నన్ను సెమించమని అడుగుదావనొచ్చినాది. ఆఖరికి కూడా నాను అడగనియ్యనేదు.”